ఏడో పేరు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

పోయిన ఏడాది వేసవిలో మా పిన్ని భీమవరం నుంచి శాంటా క్లారా వచ్చింది. వచ్చింది కూతురి దగ్గరికే అయినా, ఆ అమ్మాయి పొద్దున్న ల్యాబ్‌కి వెళ్తే రాత్రికి గానీ రాదు కాబట్టి, వారంలో సగం రోజులు మా ఇంట్లోనే గడిపేది. పిన్ని కూతురు, అంటే నాకు చెల్లెలు, బయోకెమిస్ట్రీలో డాక్టరేట్ చేసి ఇక్కడే బే ఏరియాలో ఒక ప్రయోగశాలలో పోస్ట్‌డాక్‌గా పని చేస్తోంది. సరిగ్గా తల్లి ఇక్కడ ఉన్న రోజుల్లోనే ఆ అమ్మాయి ఈబీ-1 పిటిషన్‌కి ఆర్.ఎఫ్.ఇ. వచ్చింది. ఈ సంచిక చదివేవారిలో ఆ మూడక్షరాల అర్థం, అది వచ్చిన రోజు ఇంట్లో ఉండే నిశ్శబ్దం తెలియనివారు తక్కువే ఉంటారు.

మీ పరిశోధన వల్ల మీ రంగంలో ఏం మార్పు వచ్చిందో ఆధారాలతో చూపించండి అన్నది దాని సారాంశం. లాయరుగారు ఒక పట్టిక తయారు చేయమన్నారు. ఎన్ని పేపర్లు, ఒక్కొక్కదాన్ని ఎంతమంది ఉదహరించారు, హెచ్-ఇండెక్స్ ఎంత, ఏయే సంస్థలవాళ్ళతో కలిసి రాసింది, వగైరా. అన్నయ్య సాఫ్ట్‌వేర్ కదా, వాడు చేసి పెడతాడు అని పిన్ని నన్ను ముందుకు తోసింది. నేను ఉద్యోగరీత్యా చేసేది కూడా దాదాపు ఇలాంటి పనే. బిందువులు, వాటిని కలిపే గీతలు, ఏ బిందువు ఎంత ముఖ్యమైనదో తేల్చే లెక్కలు. ఒక శనివారం కూర్చుని చిన్న ప్రోగ్రాం రాశాను.

చిక్కెక్కడ వచ్చిందంటే, మా చెల్లెలు తన జీవితంలో అన్నిటికన్నా మంచి పని అని చెప్పుకునే పేపర్లో ఆమెది నాలుగో పేరు. మొత్తం తొమ్మిది పేర్లు. ఆ ప్రయోగం పద్ధతి కనిపెట్టింది తనేనట. నా ప్రోగ్రాం దాన్ని తొమ్మిదో వంతు కింద లెక్క కట్టింది. ఆ అమ్మాయి ఏమీ అనలేదు గానీ మొహం చిన్నబోయింది. ఏ ప్రోగ్రాం రాసినా, జవాబు ముందే తెలిసిన లెక్క ఒకటిచ్చి చూసుకోవడం మా వృత్తిలో అలవాటు. గొప్పవాడని అందరికీ తెలిసిన శాస్త్రవేత్త పేరు ఒకటి ఇచ్చి చూద్దాం అనుకున్నాను. పిన్నిది భీమవరం, నాదీ ఆ చుట్టుపక్కలే. ఇంకెవరి పేరు తోస్తుంది? యల్లాప్రగడ సుబ్బారావు అని కొట్టాను.

నా ప్రోగ్రాం ఆయన లేడంది.

కాసేపటికి కారణం తెలిసింది. యల్లాప్రగడ ఇంటిపేరు, సుబ్బారావు సొంత పేరు. అమెరికా వాళ్ళకి చివరిదే ఇంటిపేరు కాబట్టి పత్రికల్లో ఆయన సుబ్బారావు, వై. అయ్యారు. తరతరాల ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మిగిలింది. అదైనా ఒక్క తీరుగా లేదు. ఒకచోట సుబ్బా, రో కలిపి, ఒకచోట మధ్యలో పెద్దక్షరంతో, ఒకచోట విడదీసి. కంప్యూటర్ దృష్టిలో వీళ్ళంతా వేర్వేరు మనుషులు. హార్వర్డ్‌లో స్నేహితులేమో ఆయన్ని యెల్లా అని పిలిచేవారు. మనలో ఎంతమందికి ఈ అనుభవం లేదు? మా ఇంటిపేరు మా ముత్తాతల ఊరి పేరు. ఇరవై ఏళ్ళుగా ఆఫీసులో అందరూ నన్ను, నేనెప్పుడూ చూడని ఆ ఊరి పేరుతోనే పిలుస్తున్నారు. ఆ ముక్కలన్నీ ఒకే మనిషి కిందికి తెచ్చేసరికి ఆ శనివారం అయిపోయింది. ఆ తర్వాత మూడు వారాలు రాత్రిళ్ళు ఆయన జీవితం చదువుతూ గడిపాను.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, జబ్బు చేసి ముందే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. తల్లి వెంకమ్మగారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవాడు. చదువు మీద ధ్యాస లేదు. పదమూడో ఏట యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదిద్దామని కాశీకి బయలుదేరితే, మధ్యలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. రాజమండ్రిలో, తర్వాత మద్రాసు హిందూ హైస్కూల్లో చదివి, మూడోసారికి మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. ఇక్కడ మన పిల్లల మిడిల్ స్కూల్ మార్కులు పట్టుకుని మనం పడే ఆరాటం గుర్తొచ్చి నాకు కొంచెం నవ్వొచ్చింది. ప్రెసిడెన్సీ కాలేజీలో ఉన్నప్పుడు రామకృష్ణ మఠం వైపు మనసు పోయింది. సన్యాసం తీసుకుంటానంటే తల్లి ఒప్పుకోలేదు. మఠంలో సేవ చేయాలన్నా వైద్యం నేర్చుకోవడం మంచిదని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు.

ఈ లోపలే ఇంటి మీద పిడుగు పడింది. అన్నదమ్ములిద్దరు, పురుషోత్తం, కృష్ణమూర్తి, ఎనిమిది రోజుల తేడాలో పోయారు. జబ్బు ట్రాపికల్ స్ప్రూ, మనవాళ్ళు గ్రహణి అనేది. తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది, మనిషి కళ్ళముందే ఎండిపోతాడు. అప్పట్లో దానికి మందు లేదు. ఈ విషయం ఒక్కటి గుర్తుపెట్టుకోమని మనవి.

1919లో శేషగిరి అనే అమ్మాయితో పెళ్ళయింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు అల్లుడి వైద్య విద్యకి డబ్బు సర్దారు. గాంధీగారి పిలుపు విని సుబ్బారావుగారు ఖద్దరు కట్టారు. అది సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌గారికి నచ్చలేదనీ, రాతపరీక్షల్లో బాగా చేసినా ఎం.బి.బి.ఎస్.కి బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చిందనీ అంటారు. సర్కారు వైద్య ఉద్యోగం రాక, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పారు. అక్కడి నుంచే అమెరికా ఆలోచన. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామన్న భరోసా, మామగారు ఇచ్చిన సొమ్ము పట్టుకుని ఓడెక్కారు. 1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగారు. భార్య నిండు మనిషి. కొన్నేళ్ళలో తిరిగొస్తానని చెప్పి వెళ్ళారు. పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి ఆ బిడ్డని చూడనే లేదు.

బోస్టన్‌లో దిగేనాటికి చేతిలో ఉన్నది చాలా తక్కువ. హార్వర్డ్ ట్రాపికల్ మెడిసిన్ విభాగం పెద్ద రిచర్డ్ స్ట్రాంగ్‌గారు కొంత ఆదుకున్నారు. మన దేశపు పట్టాతో ఇక్కడ వైద్యం చేయడానికి వీల్లేదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని, రోగుల మలమూత్రాలు ఎత్తిపోసే పని చేస్తూ డిప్లొమా పూర్తి చేశారు. తర్వాత బయోకెమిస్ట్రీలో ఓటో ఫోలిన్‌గారి విభాగంలో చేరి, అక్కడి సైరస్ ఫిస్కేగారితో కలిసి పని మొదలుపెట్టారు.

ఇక నా ప్రోగ్రాంలో ఆయన మొదటి పెద్ద బిందువు ఇక్కడే వెలిగింది. 1925లో ఫిస్కే, సుబ్బారావుల పేర్లతో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ఒక పేపరు వచ్చింది. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతి. ద్రవంలో మాలిబ్డేట్ కలిపి, దాన్ని ఒక రసాయనంతో క్షయకరణం చేస్తే నీలం రంగు వస్తుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. అంతకు ముందూ ఇలాంటి పద్ధతులున్నాయి. ఇది వాటికన్నా నమ్మదగినది, తేలికది. అంతే. కానీ భాస్వరం కొలవాల్సిన ప్రతివాడికీ, అంటే కండరం, ఎముక, ఎంజైము, కొవ్వు, ఏది చదివే జీవరసాయన శాస్త్రవేత్తకైనా, ఇది కావలసి వచ్చింది. దశాబ్దాల మీద ఆ పేపరుకి వచ్చిన ఉదహరింపులు పది వేలు దాటాయి. సైన్సు మొత్తంలో ఎక్కువసార్లు ఉదహరించిన పేపర్ల జాబితాలు ఎవరు వేసినా, 1920ల నాటి ఈ పేపరు అందులో కనిపిస్తూ వచ్చింది. ఆంధ్ర దేశపు మెడికల్ కాలేజీల ల్యాబుల్లో విద్యార్థులు ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని రికార్డు పుస్తకాల్లో రాసుకుంటూ, ఆ సుబ్బారావు మనవాడేనని తెలియకుండానే పరీక్ష పాసైపోయారు. మా చెల్లెలు కూడా ఎమ్మెస్సీలో అలా రాసినదే.

ఈ ఉదహరింపుల లెక్క ఎక్కడిదో రెండు మాటలు చెప్పాలి. ఫిలడెల్ఫియాలో యూజీన్ గార్ఫీల్డ్ అనే ఆయన, లాయర్లు ఏ తీర్పును ఏ తీర్పులో ఉదహరించారో చూసుకునే పాత పుస్తకాల నుంచి ఊహ తెచ్చుకుని, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అచ్చు వేశారు. ఆయన ఉద్దేశం పాత పేపరు నుంచి కొత్త పేపరుకి దారి వెతుక్కోవడమే. మనుషుల్ని తూచడానికి వాడటం తర్వాత వచ్చిన అలవాటు. మాకు కూతవేటు దూరంలోని స్టాన్‌ఫర్డ్‌లో 1998లో ఇద్దరు విద్యార్థులు వెబ్ పేజీలకి ర్యాంకులిచ్చే లెక్క కట్టినప్పుడు కూడా దాని వెనక ఉన్నది ఈ ఉదహరింపుల ఆలోచనే. 2005లో శాన్ డియేగోలోని భౌతిక శాస్త్రవేత్త హర్ష్ గారు హెచ్-ఇండెక్స్ తెచ్చారు. పది పేపర్లకి కనీసం పదేసి ఉదహరింపులుంటే పది, ఇరవైకి ఇరవై ఉంటే ఇరవై. ఇందులో తమాషా ఏమిటంటే, ఒక్క పేపరుకి పది వేలు వచ్చినా హెచ్-ఇండెక్స్‌లో అది ఒక్కటే. సుబ్బారావుగారి 1925 పేపరుకీ, ఎవరో పాతికమంది ఉదహరించిన మామూలు పేపరుకీ అక్కడ తేడా లేకుండా పోయింది. ఇంకొకటి. అచ్చు పుస్తకాల రోజుల్లో గార్ఫీల్డ్ సూచికలో ఉదహరించిన పేపరు కేవలం మొదటి రచయిత పేరు కింద ఉండేది. అంటే లైబ్రరీలో సుబ్బారావు అని వెతికేవాడికి ఆ పది వేలూ కనిపించవు. అన్నీ ఫిస్కే ఖాతాలో ఉంటాయి.

ఆ నీలం రంగే ఆయనకి తర్వాతి దారి చూపించింది. కండరం నుంచి తీసిన ద్రవంలో రంగు వెంటనే రాకుండా, నెమ్మదిగా, ఆలస్యంగా వస్తోందని ఇద్దరూ గమనించారు. ఇంకొకరైతే రసాయనం పాతబడిందని పారబోసేవారేమో. భాస్వరం దేనికో అంటుకుని ఉండి, ఆమ్లంలో మెల్లగా విడిపోతోందని వీళ్ళు గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. ఇంగ్లండ్‌లో ఎగల్‌టన్ దంపతులు కూడా అదే సంవత్సరం ఆ పదార్థం ఆచూకీ పట్టారు. అప్పటివరకు కండరం కదలడానికి శక్తి లాక్టిక్ ఆమ్లం తయారీ నుంచి వస్తుందని నమ్మేవారు. కండరాల మీద చేసిన పనికి హిల్, మయర్‌హాఫ్‌లకి 1922 నోబెల్ బహుమతి కూడా వచ్చి ఉంది. ఈ కొత్త పదార్థంతో ఆ నమ్మకం కదిలింది. 1929లో ఫిస్కే, సుబ్బారావు ఏ.టి.పి.ని కూడా ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా దాన్ని కనుక్కున్నారు. పాఠ్యపుస్తకాలు ఎక్కువగా లోమన్ పేరే చెబుతాయి. మన సంచికల్లోనేమో సుబ్బారావుగారొక్కరే కనిపెట్టినట్టు రాసుకుంటాం. రెండూ సగం నిజాలే.

ఏ.టి.పి. మన ఒంట్లో ప్రతి కణం ఖర్చుపెట్టే చిల్లర డబ్బు లాంటిది. ఈ రోజు దాని గురించి వచ్చే వేలాది పేపర్లలో 1929 నాటి ఆ పేపరుని ఉదహరించేవారు అరుదు. అందరికీ తెలిసిపోయిన సంగతికి ఆధారం చూపించాల్సిన పని లేదు కదా. మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త దీన్ని కలిసిపోయి చెరిగిపోవడం అన్న అర్థంలో వర్ణించారు. పప్పులో ఉప్పు కనిపించనట్టే. మా చెల్లెలికి ఈ మాట చెబితే, తను ల్యాబ్‌లో వాడే ఫాస్ఫేట్ కిట్ డబ్బా తెచ్చి చూపించింది. ఈనాటి కిట్ల రసాయనాలు మారాయి, మూలసూత్రం అదే రంగు. తన పేపర్లో ఆ కంపెనీ పేరు, కేటలాగ్ నంబరు రాసిందట. 1925 పేపరు పేరు రాయలేదట.

ఫిస్కేగారి సంగతి చెప్పకుండా ముందుకు వెళ్ళలేం. ఆయన జాగ్రత్తపరుడు, ఏదీ ఒక పట్టాన అచ్చుకి ఇవ్వని మనిషి. ఆయన దగ్గరే చదివి, తర్వాత 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్, సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలని ఫిస్కే అసూయవల్ల వెలుగు చూడనివ్వలేదనీ, చాలా ఏళ్ళ తర్వాత ఇతరులు వాటిని మళ్ళీ కనుక్కోవలసి వచ్చిందనీ అన్నట్టు ప్రచారంలో ఉంది. ఫిస్కేకి ఉద్యోగంలో పైమెట్టు దక్కాలని సుబ్బారావుగారే తన వాటా తగ్గించి చెప్పుకున్నారని ఇంకొక కథ. ఎవరి మనసులో ఏముందో వందేళ్ళ తర్వాత శాంటా క్లారాలో కూర్చుని తేల్చడం నాకు చేతకాదు. అచ్చుకాని పేపరుకి ఉదహరింపులు సున్నా అన్నది మాత్రం చెప్పగలను. హార్వర్డ్‌లో ఆయనకి స్థిరమైన అధ్యాపక పదవి దొరకలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ దగ్గరి లెడర్లే ప్రయోగశాలలకి వెళ్ళిపోయారు, త్వరలోనే పరిశోధనా విభాగానికి డైరెక్టరయ్యారు.

ఇక్కడి నుంచి నా ప్రోగ్రాం గీసిన బొమ్మ విచిత్రంగా మారింది. హార్వర్డ్ రోజుల్లో ఫిస్కే, జేకబ్సన్, హేస్టింగ్స్ లాంటి కొద్దిమందితో గీతలున్నాయి. లెడర్లేలో గీతలు పెరగాలి. పెద్ద సంస్థ, వందలమంది మనుషులు. కానీ ఆయన చేసిన పనికీ గీతలకీ పొంతన లేదు.

మొదట ఫోలిక్ యాసిడ్. 1931లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి మిల్లుల్లో పని చేసే గర్భిణుల రక్తహీనతకి ఈస్టు రసం పని చేస్తోందని చూపించారు. అందులో ఉన్నదేమిటో తెలియదు. కాలేయంలో ఉన్న రక్తవర్ధక పదార్థాల మీద సుబ్బారావుగారు హార్వర్డ్‌లోనే పని మొదలుపెట్టారు. చనిపోయిన అన్నదమ్ములు ఆయన మనసులో ఉండే ఉంటారు. లెడర్లేలో ఆయన కూర్చిన బృందం ఆ పదార్థాన్ని శుద్ధి చేసి, నిర్మాణం తేల్చి, కృత్రిమంగా తయారుచేసి 1945లో సైన్స్ పత్రికలో ప్రకటించింది. ఆ పేపరులో పదహారు పేర్లు. మొదటి పేరు యాంజియర్. మొదటి ఎనిమిది పేర్లూ అక్షరక్రమంలో ఉన్నాయి, అందులో సుబ్బారావుగారిది ఏడోది. పరిశోధనని నడిపిన డైరెక్టరు, కావాలంటే మొదటో చివరో పెట్టుకోగల మనిషి, హాజరు పట్టీలో పిల్లాడిలా తన అక్షరం దగ్గర నిలబడ్డాడు. ఈనాడు ఎవరైనా ఆ పేపరుని ఉదహరిస్తే యాంజియర్ తదితరులు అని రాస్తారు. సుబ్బారావుగారు ఆ తదితరుల్లో ఉన్నారు. నేను ఆ పేజీ తెరిచి, వేలు పెట్టి ఏడు వరకు లెక్కపెట్టి మా చెల్లెలికి చూపించాను.

ఫోలిక్ యాసిడ్ అణువుని కొద్దిగా మారిస్తే, అది శరీరాన్ని మోసం చేసి అసలు విటమిన్ పనిని ఆపేస్తుంది. అలాంటివి లెడర్లేలో కొన్ని తయారుచేశారు. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. దాని రసాయనం గురించి 1947లో వచ్చిన పేపరు మీద సీగర్, స్మిత్, హల్‌ట్క్విస్ట్ అని మూడే పేర్లు. ఆ మందు బోస్టన్ వెళ్ళింది. అక్కడ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్‌తో ఉన్న 16 మంది పిల్లలకి ఇస్తే, పదిమందిలో వ్యాధి తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో అచ్చయిన ఆ వ్యాసంతోనే పిల్లల ల్యుకేమియాకి మందులతో వైద్యం మొదలైందని చెబుతారు. దాని రచయితలు అయిదుగురు, సుబ్బారావు వారిలో లేరు. నా బొమ్మలో ఆయన బిందువు నుంచి ఫార్బర్ బిందువుకి గీతే లేదు. మందు మాత్రం వెళ్ళింది. అమినోప్టెరిన్ తర్వాత వచ్చిన దాని తమ్ముడే మెథోట్రెక్సేట్.

ఆరియోమైసిన్ సంగతీ అంతే. యూనివర్సిటీలో రిటైరై వచ్చిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడికి ఆయన బృందంలో చోటు దొరికింది. ఆ పెద్దాయన మిస్సోరీ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందుని తీశారు. 1948లో ప్రకటించిన పేపరు మీద డగ్గర్ ఒక్కరి పేరే ఉంది. అది న్యాయమే. ఆరియోమైసిన్ సుబ్బారావు కనిపెట్టాడు అని మనవాళ్ళు రాసినప్పుడల్లా నాకు ఇబ్బందిగా ఉంటుంది. వెతకమని చెప్పి, వెతకడానికి చోటూ డబ్బూ మనుషుల్నీ సమకూర్చినవాడు ఆయన. దానికి ఏ సూచికలోనూ గడి లేదు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. ఆ అన్నదమ్ములని తీసుకెళ్ళిన ట్రాపికల్ స్ప్రూకి ఈనాటికీ వైద్యులు ఇచ్చేవి రెండు, ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. రెండూ ఆయన నడిపిన ప్రయోగశాల మెట్లు దిగి వచ్చినవే.

హెట్రజాన్ మాత్రం నాకు చదువుకుని తెలిసినది కాదు. మా చిన్నప్పుడు గోదావరి డెల్టాలో బోదకాలు లేని వీధి ఉండేది కాదు. మా నాయనమ్మ ఎడమ కాలు మోకాలి కింద స్తంభంలా ఉండేది. ఆరోగ్య శాఖ వాళ్ళు రాత్రి తొమ్మిది దాటాక లాంతరో టార్చిలైటో పట్టుకుని వచ్చి, నిద్రపోతున్న పిల్లల్ని లేపి వేలి నుంచి రక్తపు చుక్క తీసేవారు. ఆ పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలో తిరుగుతాయట. పురుగు ఉన్నవాళ్ళకి ఇచ్చే డి.ఇ.సి. మాత్రే హెట్రజాన్. దాన్ని 1947లో ప్రకటించిన లెడర్లే పేపరులో మొదటి పేరు హెవిట్, చివరి పేరు సుబ్బారావు. భీమవరంలో పుట్టిన మనిషి న్యూయార్క్‌లో ఉండి భీమవరం కాళ్ళకి మందు పంపించాడు. మేము ఆ మాత్ర చేదుకి మొహం చిట్లించుకుని మింగాం. ఎవరూ ఆయన పేరు చెప్పలేదు.

ఇంత చేసిన మనిషికి ఇక్కడ పౌరసత్వం లేదు. 1923లో సుప్రీం కోర్టు భారతీయులు పౌరులు కావడానికి తగరని తీర్పు చెప్పింది. ఆ తలుపు 1946లో చట్టం మారాక గానీ తెరుచుకోలేదు. తెరుచుకున్నాక కూడా ఆయన పౌరుడు కాలేదు. ఈబీ-1లూ ఆర్.ఎఫ్.ఇ.లూ లేని కాలం. ఉండి ఉంటే ఆయన లాయరు ఆ పట్టికని ఎలా నింపేవారో నేను ఊహించడానికి ప్రయత్నించాను. రెండో పేరు, ఏడో పేరు, చివరి పేరు, అసలు లేని పేరు.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి పోయారు. యాభై మూడేళ్ళు. ఫార్బర్ వ్యాసం వచ్చి రెండు నెలలు, ఆరియోమైసిన్ ప్రకటించి కొన్ని వారాలు. కొత్తగా కనుక్కున్న ఒక శిలీంధ్రానికి 1953లో సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. శతజయంతికి 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ వేసింది. ఎస్.పి.కె. గుప్తగారు ఏళ్ళ తరబడి శ్రమపడి ఆయన జీవిత చరిత్ర రాశారు. ఆ పుస్తకం లేకపోతే ఇందులో సగం సంగతులు మనకి తెలిసేవి కావు. శేషగిరమ్మగారు 1922 తర్వాత భర్తని చూడలేదు. మామగారి డబ్బు లేకపోతే ఓడ టిక్కెట్టు లేదు, భార్య ఎదురుచూపు లేకపోతే ఆ ఇరవై ఆరేళ్ళ పని లేదు. నన్నడిగితే 1925 పేపరుకి వీళ్ళిద్దరినీ కూడా కలపాలి. భార్యని అలా వదిలేయడం తప్పా ఒప్పా అని మా ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. పిన్ని, మా ఆవిడ ఒక వైపు, నేను ఒక్కణ్ణీ ఇంకో వైపు. నేను ఓడిపోయాను. ఓడిపోవాల్సిందే అని తర్వాత అనిపించింది.

చెల్లెలి జవాబు తయారుచేయడానికి చివరికి ఆ పట్టిక కింద రెండు పేజీలు కలిపాం. తన పద్ధతిని ఎవరెవరు ఏ పనికి వాడుకున్నారో, అంకెలు కాకుండా, మాటల్లో. ఆ పద్ధతి వాడిన నలుగురు తెలియని శాస్త్రవేత్తలకి తను ఈమెయిలు రాసింది. ముగ్గురు ఉత్తరాలు ఇచ్చారు. అందులో ఒకరికి ఆ నాలుగో పేరు ఎవరిదో అప్పటిదాకా తెలియదట.

జవాబు పంపిన ఆదివారం రాత్రి అందరం మా ఇంట్లోనే భోంచేశాం. పిన్నికి కీళ్ళవాతం, ఏడేళ్ళుగా మందులు వాడుతోంది. భోజనమయ్యాక వారం రోజుల గళ్ళున్న ప్లాస్టిక్ డబ్బా తీసి, ఆదివారం గడిలోంచి చిన్న పసుపు మాత్రలు చేతిలో పోసుకుంది. చెల్లెలు డబ్బా అందుకుని సీసా మీది పేరు చదివి నావైపు చూసింది. మెథోట్రెక్సేట్, వారానికొకసారి. సోమవారం గడిలో దాని దుష్ఫలితాలు తగ్గడానికి డాక్టరు ఇచ్చిన ఇంకో మాత్ర ఉంది, ఫోలిక్ యాసిడ్. ఏమిటర్రా అలా చూస్తున్నారు, నేనేమన్నా తప్పు మాత్ర తీశానా అని పిన్ని కంగారుపడింది. కాదు పిన్నీ, వేసుకో, రెండూ మీ ఊరాయన ల్యాబ్‌వే అని చెప్పి మంచినీళ్ళ గ్లాసు అందించాను.